పిడుదుల బారినుండి కుక్కల సంరక్షణ

ఖరగ్‌పూరు రైలు వలన పుట్టి రైలుతోపాటు పెరిగిన పట్టణము. పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందలి ఈ పట్టణములో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో జంక్షనును, తదుపరి పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిరి. ఆనాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు తరతరములుగా ఉద్యోగార్థమై ఇచ్చటికి వచ్చి స్థిరపడిరి. మథురాకాటి, నింపురా మొదలగు రైల్వే పేటలలో నేటికిని సాయంకాలమున వరండాలలో తెలుగుమాట వినబడుచుండును.

ఈ పేటలలో పెక్కు క్వార్టర్సు వరుసలుగా కట్టబడినవి. ముందొక వరండా, వెనుకనొక పెరడు, రెండిండ్లకు నడుమ నొక గోడ. ఇంటి యజమాని రాత్రి డ్యూటీకి వెళ్లినపుడు గడపయొద్ద కావలి యుండునది కుక్క. కొన్ని యిండ్లలో అది కొనితెచ్చిన అల్సేషియను కావచ్చును. కొన్ని యిండ్లలో వీధిలో పుట్టి, అన్నపు ముద్దకు అలవాటుపడిన నాటుకుక్క కావచ్చును. ఏదైనను ఇంటిల్లిపాదికిని అది ఆప్తమే.

అట్టి కుక్క వేసవిలో నొకనాడు అన్నము ముట్టదు. మూలను పడుకొని లేవదు. ఎండదెబ్బ తగిలినదని తలచి ఇంటివారు చల్లనినీరు పెట్టి ఊరకుందురు. కొన్ని దినములకు అది తేఱుకొన్నట్లు కనబడును. వారి భయమును తీరును. మఱి కొన్ని నెలలకు ఆ కుక్కయే చిక్కి శల్యమై, చిగుళ్లు తెల్లబాఱి, ఒక ఉదయమున ముక్కునుండి రక్తము కార్చుచు కనబడును. అప్పుడు పశువైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. వైద్యుడు చెవి మడతను విప్పి చూపునది ఆముదపు గింజవలె ఉబ్బిన యొక చిన్న ప్రాణి. దానినే పిడుదు అందురు. గోమారి అనియు పిలుతురు.

ఇట్టి నష్టమును చాలవఱకు నివారింపవచ్చును. అందులకు ముందుగా ఒక సత్యమును గ్రహింపవలెను. పిడుదు కుక్క మేనిపై నుండు కాలము స్వల్పము. ఇంటి గోడలలో నుండు కాలము అధికము. కుక్కను మాత్రము శుభ్రపఱచి గోడను మఱచినచో ఆ శ్రమ నిలువదు.

పిడుదు స్వభావము

పిడుదును సామాన్యముగా పురుగు అని చెప్పుకొనుచున్నను, అది ఈగ, దోమల జాతికి చెందినది కాదు. సాలెపురుగు, తేలు దీనికి దగ్గఱి చుట్టములు. పిడుదులలో అనేక రకములు కలవు. పశువులను పట్టునవి వేఱు, అడవిలో కోతులను పట్టునవి వేఱు. ఇండ్లలో కుక్కలను బాధించునది ముఖ్యముగా గోధుమవన్నె కుక్కపిడుదు. ఉష్ణదేశములన్నిటను ఇది వ్యాపించియున్నది. తక్కిన పిడుదులకు గడ్డి, పొదలు కావలెను. దీనికి మాత్రము ఇల్లే చాలును.

దీని జీవితములో నాలుగు దశలు కలవు. మొదటిది గ్రుడ్డు. గ్రుడ్డునుండి ఆవగింజకంటె చిన్నదైన ఆరుకాళ్ల పిల్ల పుట్టును. అది కుక్కపై నెక్కి కొన్ని దినములు రక్తము పీల్చి, తృప్తిపడి క్రిందికి రాలిపోవును. ఏ పగులులోనో దాగి, కుబుసము విడిచి, ఎనిమిదికాళ్ల పిల్లయై మరల కుక్కపై నెక్కును. మరల పీల్చి, మరల రాలి, మరల కుబుసము విడిచి పూర్ణవయస్సు పొందును. ఆడుపిడుదు మూడవసారి కుక్కపై నెక్కి, సుమారొక వారము రక్తము పీల్చి, పలుమడుగులు ఉబ్బి, చివరకు రాలి, గోడ సందులో 4,000 వఱకు గ్రుడ్లు పెట్టి చనిపోవును. వేడి, తేమ అనుకూలించినచో ఈ చక్రమంతయు రెండు నెలలకు కొంచెము మించిన కాలములోనే ముగియును. ఖరగ్‌పూరువంటి ఉక్కగల పట్టణములో ఏటికి ఇట్టి తరములు పెక్కు పుట్టగలవు.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. ఆడుపిడుదు తన జీవితకాలమున మూడుసార్లు మాత్రమే భుజించును. తక్కిన కాలమంతయు గోడ పగుళ్లలోను, తలుపు చట్రముల వెనుకను, గోడకు తగిలించిన పటముల వెనుకను, కుక్క పండుకొను గోనెపట్టా మడతలలోను గడపును. పైకి ప్రాకుట దీని నైజము గనుక, నేలను మాత్రము కడిగిన ఇంట ఇది పైకప్పు దూలముల సందులలో సురక్షితముగా నుండగలదు. ఇక రెండవది, దీని ఓర్పు. పూర్ణవయస్సు వచ్చిన పిడుదు ఆహారము లేకయే ఏడాదికి పైగా బ్రతుకగలదు.

వ్యాధి రహస్యము బయల్పడిన విధము

రక్తము పీల్చు చిన్న ప్రాణులు రోగములను మోయునని నేడు బాలురకును తెలియును. నూటముప్పది యేండ్ల క్రిందట ఈ మాట వింతగా నుండెను. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అను శాస్త్రజ్ఞులు పశువులను చంపుచున్న ఒక జ్వరము పిడుదుల వలన వ్యాపించుచున్నదని నిరూపించిరి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ సికిందరాబాదున కనుగొన్నది 1897లో. అనగా దోమకంటె ముందే పిడుదుపై నేరము ఋజువైనది.

కుక్కల విషయమున మన దేశమే ఒక ముఖ్య పరిశోధనాక్షేత్రమైనది. 1905లో జేమ్స్ అను వైద్యుడు భారతదేశపు కుక్కల తెల్లరక్తకణములలో నొక కొత్త జీవిని కనుగొనెను. 1907లో క్రిస్టఫర్స్ కుక్కల రక్తములోని పరాన్నజీవులు పిడుదు శరీరములో ఎట్లు పరిణమించునో వివరించెను. 1910లో పాటన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసులోని వేటకుక్కల రక్తమున మఱియొక జీవిని గుర్తించి దానిని ప్రకటించెను. అదియే నక్కలలోను కనబడెను. నేడు దానిని బబేసియా గిబ్సోనీ అందురు. 1935లో అల్జీరియాలో పిడుదులు పట్టిన కుక్కలను పరీక్షించుచు దొనాసియన్, లెస్తొకార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎర్లీకియా అను క్రిమిని కనుగొనిరి. ఆ క్రిమి యెంత ఘోరమైనదో 1960ల చివర వియత్నాము యుద్ధమున లోకమునకు తెలిసినది. అమెరికా సైన్యపు అల్సేషియను కుక్కలు ఆ వ్యాధిచే ముక్కునుండి రక్తము కారి వందలకొలదిగా చనిపోయినవి.

మూడు ముఖ్య రోగములు

పిడుదుల వలన మన కుక్కలకు కలుగు రోగములలో మూడు ప్రధానములు.

మొదటిది ఎర్లీకియా వ్యాధి. ఈ క్రిమి తెల్లరక్తకణములలో నివసించును. పిడుదు కఱచిన తరువాత ఒకటి మొదలు మూడు వారములలో జ్వరము, నీరసము, అన్నద్వేషము, కంటినుండి ముక్కునుండి నీరు కాఱుట కనబడును. రెండు మూడు వారములకు ఈ చిహ్నములు తమంతట తామే తగ్గవచ్చును. మోసము ఇచ్చటనే కలదు. క్రిమి శరీరములోనే దాగియుండి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు గడచిన పిమ్మట మూలుగుపై దెబ్బతీయును. అప్పుడు రక్తకణములు పుట్టుట ఆగిపోవును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు తగ్గి చర్మముపై ఎఱ్ఱని మచ్చలు, ముక్కునుండి రక్తస్రావము కలుగును. ఈ దశకు చేరిన కుక్కను బ్రతికించుట కష్టము. అల్సేషియను జాతికి ఈ వ్యాధి విశేషముగా ప్రమాదకరము.

రెండవది బబేసియా వ్యాధి. ఈ జీవి ఎఱ్ఱరక్తకణములలో ప్రవేశించి వాటిని పగులగొట్టును. తీవ్రజ్వరము, చిగుళ్లు పాలిపోవుట, కన్నులు పచ్చబడుట, మూత్రము కాఫీరంగున నుండుట దీని గుర్తులు. ఈ జీవులు తల్లిపిడుదు గ్రుడ్ల ద్వారా పిల్లలకును సంక్రమింపగలవు. వీనిలో గిబ్సోనీ రకము కుక్కలు ఒకదానినొకటి కఱచుకొన్నపుడును, రక్తము ఎక్కించినపుడును పిడుదు లేకయే వ్యాపింపవచ్చును.

మూడవది హెపటోజూన్ వ్యాధి. ఇది పిడుదు కాటు వలన రాదు. కుక్క తన మేనిని కొఱుకుకొనుచు పిడుదును మ్రింగుట వలన వచ్చును. తఱచు ఇది స్వల్పముగనే యుండును. తక్కిన రెండింటిలో నేదియైన తోడైనపుడు తీవ్రమగును. ఒకే కుక్కకు రెండు మూడు వ్యాధులు కూడియుండుట అరుదు కాదు.

ఏటేట కుక్కలకు వేయించు టీకాలు ఈ రోగములను ఆపజాలవు. పిచ్చికుక్క రోగపు టీకా వేయించితిమి గదా యని పిడుదుల విషయమున ఏమఱుట తగదు.

వైద్యము

పిడుదులు పట్టిన కుక్క ఒక్కదినము అన్నము మానినను, జ్వరము కలిగినను వెంటనే పశువైద్యునికి చూపి రక్తపరీక్ష చేయించవలెను. పైకి ఒకేవిధముగా కనబడు ఈ రోగములకు మందులు వేఱువేఱు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ అను మందును సుమారు నాలుగు వారములు ఇత్తురు. బబేసియాకు అది చాలదు, దాని రకమునుబట్టి వేఱు మందులు కావలెను. కావున పొరుగువారి కుక్కకు వాడగా మిగిలిన మందును మన కుక్కకు వేయుట అనర్థము.

రెండు తప్పులు సామాన్యముగా జరుగుచుండును. మూడవనాటికి కుక్క లేచి తిరిగినదని మందు మాన్పుట మొదటిది. వైద్యుడు చెప్పిన దినములు పూర్తియగువఱకు మందు ఇచ్చి, మరల రక్తపరీక్ష చేయించవలెను. మనుష్యులు వాడు జ్వరపు మాత్రలను, నొప్పి మాత్రలను కుక్కకు వేయుట రెండవది. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటివి కుక్క కాలేయమునకును, కడుపునకును, మూత్రపిండములకును హాని చేయును. రక్తస్రావమునకు సిద్ధముగా నున్న కుక్కకు అవి మఱింత కీడు చేయును.

పిడుదును తీయు విధము

దినమున కొకసారి, సాయంకాలము దీపము వెలుగున కుక్కను తడిమి చూచుట అలవాటు చేసికొనవలెను. చెవుల లోపలి మడతలు, కనుఱెప్పలు, మెడపట్టీ క్రింద, చంకలు, కాలివ్రేళ్ల సందులు, తోక మొదలు: ఇవి పిడుదులు దాగు స్థలములు. ఈ పరీక్షకు పది నిమిషములు చాలును. కొన్ని క్రిములు కాటుపడిన కొన్ని గంటలలోనే రక్తమున ప్రవేశించును. మఱికొన్నిటికి రెండు దినములు పట్టును. ఎంత త్వరగా తీసిన అంత మేలు.

సన్నని మొనగల పట్టకారుతో పిడుదును చర్మమునకు ఆనుకొని, నోటి దగ్గఱ పట్టుకొని, మెలిత్రిప్పక, నెమ్మదిగా తిన్నగా లాగవలెను. తీసినదానిని సబ్బునీటిలోగాని స్పిరిటులోగాని వేయవలెను. కాటుపడిన చోటును, చేతులను సబ్బుతో కడుగవలెను. గోళ్లతో నలుపరాదు, దాని రక్తములోని క్రిములు చేతి గాయముల ద్వారా మనకు సోకవచ్చును. కిరసనాయిలు పోయుట, బీడీనిప్పుతో కాల్చుట, నూనె పూసి ఎదురుచూచుట మొదలగునవి మానవలెను. వాటివలన కుక్క చర్మము కాలుటయేగాక, బాధపడిన పిడుదు తన నోటిలోని ద్రవమును గాయములోనికి ఎక్కువగా వదలవచ్చును.

కుక్కకు రక్షణ

నేడు మంచి మందులు కలవు. మెడవెనుక చర్మముపై పోయు ఫిప్రోనిల్ వంటి ద్రవములు, నెలకొకసారి యిచ్చు అఫోక్సోలానర్ మాత్ర, సుమారు మూడు నెలలు పనిచేయు ఫ్లూరలానర్ మాత్ర, ఫ్లూమెథ్రిన్ గాని డెల్టామెథ్రిన్ గాని కల మెడపట్టీలు ముఖ్యమైనవి. మాత్రలు రక్తము పీల్చిన పిడుదును చంపును. డెల్టామెథ్రిన్ వంటి మందు గల పట్టీలు కాటునకు ముందే దానిని తఱుముటకు తోడ్పడును. కుక్క వయస్సు, బరువు, ఆరోగ్యమునుబట్టి ఏది తగునో పశువైద్యుడే నిర్ణయింపవలెను. మూర్ఛవ్యాధి కల కుక్కలకును, పసి కుక్కపిల్లలకును, చూలు కుక్కలకును కొన్ని మందులు పనికిరావు. కుక్కలకు వాడు పెర్మెథ్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము. రెండును గల యింట ఈ సంగతి మఱవరాదు. పశువులకొఱకు, పైరులకొఱకు అమ్ము పురుగుమందులను కొలత తెలియక కుక్కపై పోసి దానిని చంపుకొనుట కంటె విచారకరమైన పని లేదు.

శీతకాలమున పిడుదులు తగ్గినట్లు కనబడినను మందు మానరాదు. అవి గోడలలో వేచియుండును.

ఇంటికి రక్షణ

కుక్కకు మందు వేసిన దినముననే ఇంటి పనియు మొదలుపెట్టవలెను. కుక్క పండుకొను గుడ్డలను వేడినీటిలో ఉడికించి ఎండవేయవలెను. గోనెపట్టాలను తీసివేసి, ఉతుకదగిన దుప్పటి వేయుట మంచిది. గోడ పగుళ్లను, గచ్చు బీటలను సిమెంటుతో పూడ్చి సున్నము కొట్టించవలెను. తలుపు చట్రముల సందులను, పటముల వెనుకను, మంచపు కోళ్లను తుడిచి, ఆ చెత్తను సబ్బునీటిలో ముంచి పాఱవేయవలెను. పెరటిలోని గడ్డిని పొట్టిగా కోయించవలెను.

ఉపద్రవము ఎక్కువగా నున్నచో గృహములలో వాడుటకు అనుమతింపబడిన మందును తెలిసినవారిచేత చల్లించవలెను. అది ఆఱువఱకు పిల్లలను, పెంపుడు జంతువులను దూరముగా నుంచవలెను. ఒక్కసారి చల్లిన చాలదు. ఆ మందు గ్రుడ్లను చంపజాలదు. రెండు మూడు వారములకు గ్రుడ్లు పగిలి పిల్లలు బయలుదేరును గనుక అప్పుడు మరల చల్లించవలెను. కనీసము మూడు నెలలు పట్టుదలతో సాగించిననే ఫలితము నిలుచును.

బదిలీలు, ప్రయాణములు

రైల్వే ఉద్యోగులకు బదిలీలు తప్పవు. ఒక కుటుంబము వెళ్లిపోవును. క్వార్టరు కొన్ని నెలలు ఖాళీగా నుండును. మఱియొక కుటుంబము వచ్చును. వెళ్లినవారి కుక్క వారితో వెళ్లినను, దాని పిడుదులు గోడలలోనే నిలిచియుండును. కొత్తవారి కుక్క అడుగుపెట్టగనే అవి ఆకలితో వెలికివచ్చును. కావున కొత్త క్వార్టరులో ప్రవేశించువారు సామాను దింపుటకు ముందే పగుళ్లు పూడ్పించి, సున్నము వేయించి, కుక్కకు మందు వేయించవలెను. వెళ్లువారు తమ ఇంట పిడుదులుండెనని వచ్చువారికి చెప్పుట సిగ్గుపడవలసిన విషయము కాదు, అది మర్యాద.

సెలవులలో స్వగ్రామమునకు పోవువారు కొందఱు కుక్కను రైలు బ్రేకువ్యానులోని పెట్టెలో ఉంచి తీసికొనిపోవుదురు. అట్టివారు కొన్ని దినముల ముందే కుక్కకు మందు వేయించి, బయలుదేరునపుడును, తిరిగి వచ్చినపుడును తడిమి చూడవలెను. ఖరగ్‌పూరు పిడుదును శ్రీకాకుళమునకుగాని, అచ్చటి పిడుదును ఇచ్చటికిగాని చేరవేయరాదు గదా.

మనుష్యులకు ప్రమాదము

గోధుమవన్నె పిడుదు ప్రధానముగా కుక్క రక్తమునే కోరును. కాని పిడుదులు మిక్కుటమైన ఇంట, ముఖ్యముగా వేడిదినములలో, మనుష్యులనును కఱచును. దానివలన పిడుదు టైఫస్ అను జ్వరము రావచ్చును. తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు, అరచేతులకును అరికాళ్లకును వ్యాపించు ఎఱ్ఱని దద్దురు, కొందఱికి కాటుచోట నల్లని పెచ్చు దీని లక్షణములు. సకాలమున గుర్తించినచో మంచి చికిత్స కలదు; ఆలస్యమైన ప్రాణాపాయము. జ్వరముతో వైద్యుని యొద్దకు వెళ్లినపుడు “మా యింట కుక్క కలదు, పిడుదులు కనబడుచున్నవి” అని చెప్పుట మఱవరాదు. ఆ యొక్క మాట రోగనిర్ణయమునకు ఎంతయో తోడ్పడును. ఈ జ్వరము కుక్కను తాకుట వలన రాదు. నేరము పిడుదుది, కుక్కయు దానిచే బాధపడునదే. రోగభయముతో కుక్కను ఇంటినుండి వెళ్లగొట్టుట అన్యాయము, నిష్ప్రయోజనము కూడ. ఆకలిగొన్న పిడుదులు ఇంటిలోనే మిగిలిపోవును.

ఇరుగుపొరుగు

వరుస ఇండ్లలో ఒక్కరి శ్రమ చాలదు. ఒక వరండాలో రాలిన పిడుదు పక్క వరండాలోని కుక్కకు పట్టును. ఒక వరుసలోని వారందఱును కలిసికొని ఒకే వారములో తమ కుక్కలకు మందు వేయించి, ఇండ్లను శుభ్రపఱచుకొనినచో ఖర్చు తగ్గి ఫలితము పెరుగును. గుమ్మమునొద్ద అన్నము తినిపోవు వీధికుక్కలను ఈ లెక్కలో చేర్చవలెను. వాటిని కొట్టి తఱిమిన పక్కవీధికి పోవును; పిడుదులును వాటితో పోయి, వాటితోనే తిరిగివచ్చును. పశువైద్యుని సలహాపై వాటికిని మందు పెట్టించుట వీధి కంతటికిని మేలు.

రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవాఱుజామున ఇల్లు చేరు గృహస్థునకు గడపయొద్ద తోకయూపుచు ఎదురువచ్చు కుక్క తన బాధను చెప్పుకొనలేదు. చెవి మడతను విప్పి చూచు చేయి ఇంటివారిదే కావలెను. దినమునకు పది నిమిషముల పరీక్ష, సకాలమున మందు, పగులు లేని గోడ: ఈ మూడింటిని పాటించిన ఇంట పిడుదుకు తావుండదు.